మాస్టారి బ్రేకు రిమోటు

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఇరవై ఆరేళ్ళుగా కారులోనే బతుకుతున్నారు గానీ, స్టీరింగు పట్టుకున్న రోజులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయనది పక్క సీటు. ఆ సీటు ముందు ఆయనకంటూ ప్రత్యేకంగా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళు బండిని ఎటైనా తిప్పుకోనీ, ఎంత అడ్డదిడ్డంగా అయినా తోలుకోనీ, ఆపాల్సిన చోట ఆపేది ఆయన కాలే. ఇన్నేళ్ళ నొక్కుడుకి ఆ కాలి పిక్క రెండోదానికంటే లావెక్కింది. దర్జీ ఆ సంగతి కనిపెట్టి, ఏమీ అడగకుండానే ప్యాంటు ఒక కాలు వదులుగా కుట్టి పెడతాడు.

ఆ కాలికి ఇల్లూ కారూ తేడా తెలియదు. భోజనాల బల్ల దగ్గర భార్య కప్పులోకి టీ కాస్త ఎక్కువ వంపుతుంటే, బల్ల కింద ఆయన కాలు నేలను గట్టిగా నొక్కేది. నేల ఏం చేస్తుంది పాపం, ఊరుకునేది. టీ సాసరులోకి పొంగేది. "చూశావా, ముందే ఆపాలి," అనేవారు మాస్టారు. పెళ్ళయిన కొత్తల్లో ఆవిడకు ఈ మాటలు అర్థమయ్యేవి కావు. తర్వాత అర్థమయ్యాయి గానీ, దానివల్ల ఒరిగిందేమీ లేదు.

అలాంటి ఇంటికి బావమరిది ఒక నల్లటి పెట్టె పట్టుకొచ్చాడు.

బావమరిది ఎలక్ట్రీషియను. కొత్తది ఏది చేతికొచ్చినా ముందు అక్క ఇంట్లో బిగించి చూస్తాడు. అక్క ఇల్లు కాలిపోకపోతే అప్పుడు బయటివాళ్ళకు బిగిస్తాడు. ఆ రోజు నిచ్చెనెక్కి, టీవీ ఉండే గోడ మీద పూసంత నల్లటి కన్ను ఒకటి అతికించాడు. దాని నుంచి పెట్టెకి, పెట్టె నుంచి ఇంట్లో ఉన్న స్విచ్చులన్నిటికీ తీగలు లాగాడు.

"ఫోన్లతో నడిచేవి వేరే ఉన్నాయి బావా. వాటికి ఇంటర్నెట్టు కావాలి, పాస్‌వర్డు కావాలి, రెండ్రోజులకోసారి అప్‌డేట్ చెయ్యమని పీక్కుతింటాయి. దీనికి అదేం లేదు. ఇన్‌ఫ్రారెడ్డు. ఇంట్లో పడున్న పాత రిమోటు చాలు," అన్నాడు.

పోయిన ఏడాది పాడైపోయిన టీవీ తాలూకు రిమోటు సొరుగులో దొరికింది. అతను దాన్ని పెట్టె ముందు పట్టుకుని ఒక్కో మీటా నొక్కి, ఏ మీటకి ఏం చెయ్యాలో పెట్టెకి నేర్పించాడు. ఒకటి హాలు లైటు, రెండు పంకా, మూడు కిటికీ కర్టెను, నాలుగు వంటింటి లైటు, ఐదు మిక్సీ, ఆరు నీళ్ళ మోటారు, ఏడు అత్తగారి రేడియో, ఎనిమిది వసారా లైటు. ఒకసారి నొక్కితే ఆన్, మళ్ళీ నొక్కితే ఆఫ్. రిమోటు మూతి గోడ మీది కన్ను వైపు ఉండాలి, మధ్యలో ఎవరూ అడ్డం నిలబడకూడదు. రూల్సంటే అంతే.

ఇల్లంతా నిండిపోయింది సంబరంతో. మాస్టారి భార్య సోఫాలో కూర్చునే ఖాళీ మిక్సీని గిర్రున తిప్పింది. అత్తగారు, అంటే ఈ ఇంట్లోనే ఉండే ఆవిడ తల్లి, కర్టెన్ని పదకొండుసార్లు తెరిచి మూసి, ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూశాక గానీ ఆపలేదు. మాస్టారు ఒక్కరే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"బాలేదా బావా?"

"బానే ఉంది. ఇది స్టీరింగు. మరి బ్రేకేదీ?"

"అదే మీట మళ్ళీ నొక్కితే ఆగిపోతుందిగా."

"అది వాళ్ళ బ్రేకురా. నా బ్రేకేది అంటున్నాను."

బావమరిది తల గోక్కున్నాడు. అతనికి బావంటే గౌరవం, పైగా కారు తోలడం నేర్పింది కూడా ఈయనే. పాత ఏసీ రిమోటు ఒకటి తన సంచిలోంచి తీసి, దాని ఎర్ర మీటకి ఒకే ఒక పని నేర్పాడు. ఇంట్లో అన్నిటికంటే చివర ఏది ఆన్ అయిందో, ఆ మీట నొక్కితే అది ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే దానికి ముందు ఆన్ అయినది ఆగిపోతుంది. ఆన్ చెయ్యడం మాత్రం దానికి రాదు.

మాస్టారు ఆ రిమోటుని రెండు చేతులతో అందుకున్నారు. జేబులో పెట్టుకుని చూసుకున్నారు, సరిగ్గా పట్టింది. ఆ రోజు నుంచి ఆయనకు ఇంట్లో కూడా పక్క సీటు దొరికినట్టయింది.

ఇక అక్కడి నుంచి ఎవరికీ మనశ్శాంతి లేదు. భార్య స్వెట్టరు అల్లుతూ కుట్లు లెక్కపెట్టుకుంటుంటే లైటు ఆరిపోయేది. మిక్సీ ఇంకో రెండు తిప్పులు తిరిగితే పని అయిపోతుందనగా ఆగిపోయేది. "అవసరానికి మించి నడుపుతున్నారు," అనేవారు మాస్టారు, రిమోటు మళ్ళీ జేబులో పెట్టుకుంటూ. ఎవరైనా అడిగితే నీళ్ళ మోటారు సంగతి ఎత్తేవారు. ట్యాంకు నిండి పొంగబోయే ముందు ఒకసారి సమయానికి ఆపారట. నిజంగానే ఆపారు. కానీ ఆ ఒక్కసారిని పట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతారు?

ఇంతలో హంతకుడి గొడవ వచ్చింది. అత్తగారు రోజూ సాయంత్రం ఆరున్నరకి రేడియోలో ఒక అపరాధ పరిశోధన నాటకం వినేది. నూట నాలుగు భాగాలు వింది. నూట నాలుగో భాగం ఆఖర్లో డిటెక్టివు అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, "ఈ హత్య చేసింది ఎవరంటే," అన్నాడు. సరిగ్గా అప్పుడే మాస్టారికి వసారాలో లైటు వృథాగా వెలుగుతోందని గుర్తొచ్చింది. ఎర్ర మీట నొక్కారు. చివర ఆన్ అయింది వసారా లైటు కాదు, రేడియో. అది ఠక్కున నోరు మూసుకుంది. మళ్ళీ పెట్టేసరికి వాతావరణ సూచన వస్తోంది.

అత్తగారు రెండు రోజులు అల్లుడితో మాట్లాడలేదు. హంతకుడెవరో కనుక్కుందామని పాలవాడిని అడిగింది, ఎదురింటివాళ్ళని అడిగింది, మందుల షాపులో అడిగింది. ఆ నాటకం వినేవాళ్ళు ఇంకెవరూ లేరని తేలింది.

ఇప్పుడు మాస్టారి కూతురి సంగతి చెప్పాలి, అసలు బాధ అదే.

ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళు. సంచార గ్రంథాలయం వ్యానుకి డ్రైవరుగా పని దొరికింది. వ్యాను నిండా పుస్తకాలు వేసుకుని వీధి వీధికీ తిరగడం, ఆపిన చోట కాసేపు తనూ చదువుకోవడం. చిన్నప్పటి నుంచి అడిగి మరీ కోరుకున్న పని అది. ఒకటో తారీకుకి లైసెన్సు చూపించాలి. పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోది వచ్చే సోమవారం. మూడోసారి కూడా తప్పితే మళ్ళీ ఆర్నెల్ల దాకా పరీక్షకి రానివ్వరు, వ్యాను ఇంకొకరి చేతికి పోతుంది.

ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మాస్టారి కూతురు రెండుసార్లు తప్పిందంటే ఎంత అప్రతిష్ఠ. ఆయన దాన్ని దిగమింగుకున్నారు. మింగుడుపడనిది ఏమిటంటే, తప్పినది రెండుసార్లూ ఒకే చోట. గేర్లు బాగా వేస్తుంది, మలుపులు బాగా తిప్పుతుంది, వెనక్కి తోలడం వెన్నలా తోలుతుంది. తీరా ఆగమన్న గీత దగ్గరికొచ్చాక బండి ఆగదు. గీత దాటి వెళ్ళి ఎదురుగా పెట్టిన ఖాళీ డ్రమ్ముని ముద్దు పెట్టుకుంటుంది.

"మీ బండికి బ్రేకులు సరిగ్గా లేవండీ," అంది మొదటిసారి ఇన్‌స్పెక్టరుతో. పరీక్ష వాళ్ళ ఆఫీసు కారులోనే జరుగుతుంది. ఇన్‌స్పెక్టరు మాట తక్కువ మనిషి, పద్ధతి మనిషి. కారుని షెడ్డుకి పంపి బ్రేకులు చూపించాడు. రెండోసారి కాగితం మీద ఇలా రాశాడు: మళ్ళీ ఆగలేదు. బ్రేకులు బాగున్నాయి.

మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరికి నేర్పినా ఆఖరి ఎనిమిది పాఠాల్లో ఆయన బ్రేకు కాలు మడిచి సీటు మీద పెట్టుకుంటారు. ఆ ఎనిమిది రోజులూ బండి బాధ్యత పూర్తిగా నేర్చుకునేవాడిదే. అందుకే ఆయన శిష్యులు తప్పరు.

"నాకు నేర్పేటప్పుడు కాలు మడవలేదు నాన్నా నువ్వు," అంది కూతురు ఒకరోజు.

"మడిచాను."

"మడిచి, మళ్ళీ దింపేవాడివి."

"నా కాలి సంగతి నాకు తెలియదా?" అన్నారు మాస్టారు. నిజంగానే తెలియదు. కానీ ఆ మాట ఆయన ఒప్పుకోవడానికి ఇంకా కొన్ని రోజులు ఉంది.

గురువారం నాడు స్కూలు కారుని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళారు. మెకానిక్కు కింద పడుకుని, లేచి, రెండు వైపులా పెడళ్ళు చూసి నవ్వాడు. "మాస్టారూ, నేర్చుకునేవాళ్ళ బ్రేకు పెడలుకి రబ్బరు కొత్తదానిలా ఉంది. మీ వైపుది అరిగి అరిగి గుండైపోయింది."

"రబ్బరు నాసిరకం."

"రెండూ ఒకే రోజు, ఒకే అట్టపెట్టెలోంచి తీసి వేశానండి. మూణ్ణెల్లు కూడా కాలేదు."

మూణ్ణెల్లుగా స్కూలు కారు ఎక్కువగా తోలింది కూతురే. మాస్టారు లెక్క వేసుకున్నారు. వేసుకుని, రబ్బరు నాసిరకమే అని నిశ్చయించుకుని ఇంటికొచ్చారు. వచ్చి హాల్లో కూర్చుని, పంకా మరీ వేగంగా తిరుగుతోందనిపించి జేబులోంచి రిమోటు తీసి నొక్కారు. పంకా ఆగింది. ఆయనకు కాస్త ప్రాణం కుదుటపడింది.

శనివారం సాయంత్రం బావమరిది వచ్చాడు. "బావా, నీ ఎర్ర మీట గురించి చెప్తే ఒకాయన మోజుపడ్డాడు. రిటైరైన హెడ్మాస్టరు. ఆయనకీ అలాంటిదే కావాలట. నీ రిమోటు ఒకసారి ఇస్తే ఇంకో పెట్టెకి నేర్పించుకుపోతాను."

తన బ్రేకుకి ఊళ్ళో పేరొచ్చిందని మాస్టారు పొంగిపోయి రిమోటు ఇచ్చారు. బావమరిది దాన్ని కొత్త పెట్టె ముందు పట్టుకుని నొక్కాడు. పెట్టె ఉలకలేదు, పలకలేదు. దగ్గరగా పెట్టి నొక్కాడు, తట్టి నొక్కాడు.

"ఇది పనిచెయ్యట్లేదు బావా."

"చెయ్యకపోవడమేంటి? ఇందాకేగా వంటింటి లైటు ఆపాను."

"ఉండు." అతను తన ఫోనులో కెమెరా తెరిచాడు. "రిమోటు వెలుగు మన కళ్ళకి కనపడదు. కెమెరాకి కనపడుతుంది. ముందు ఆ టీవీ రిమోటు ఇవ్వక్కా." భార్య ఊలు బుట్టలోంచి టీవీ రిమోటు తీసి ఇచ్చింది. అతను నొక్కగానే ఫోను తెర మీద రిమోటు మూతి దగ్గర ఊదారంగు చుక్క మిణుకుమిణుకుమంది. తర్వాత మాస్టారి రిమోటు పెట్టి నొక్కాడు. చీకటి.

వెనక మూత తీశాడు. లోపల బ్యాటరీలు లేవు. వాటి చోట సరిగ్గా అంత పొడుగునే కోసిన రెండు కొవ్వొత్తి ముక్కలు, చాక్లెట్టు కాగితం చుట్టి, పొందిగ్గా అమర్చి ఉన్నాయి.

అందరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ రేడియో వైపు చూసింది.

"ఖాళీగా ఉంచితే బరువు తగ్గి అనుమానం వస్తుందని పెట్టాను," అంది.

"బ్యాటరీలు ఏవి అత్తయ్యా?"

"నా టార్చిలో ఉన్నాయి అల్లుడుగారూ. బాగా వెలుగుతోంది."

"ఎప్పుడు తీశారు?"

"హంతకుడి మర్నాడు."

మాస్టారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజుల్లో ఆయన మోటారు ఆపారు, మిక్సీ ఆపారు, లైట్లు ఎన్ని ఆపారో చెప్పలేరు. పంకా గురువారం కూడా ఆపారు, కళ్ళారా చూశారు.

"మరి ఇవన్నీ ఎవరు ఆపారు?"

భార్య ఊలు ఉండ సర్దుకుంది. సూదులు బుట్టలో పెట్టింది. ఇక చెయ్యడానికి వేరే పని ఏమీ దొరక్క చెప్పింది. "నేను. మీ వెనక సోఫాలో కూర్చునేదాన్నిగా. మీరు చెయ్యెత్తగానే బుట్టలోంచి నొక్కేదాన్ని. నేను వంటింట్లో ఉంటే అమ్మ నొక్కేది."

"నేనూ నొక్కాను నాన్నా, మూడు నాలుగుసార్లు," అంది కూతురు తలుపు దగ్గర నిలబడి.

మాస్టారి ముఖం ఎర్రబడింది. "నన్ను ఆటపట్టించారన్నమాట. ముగ్గురూ కలిసి."

"ఆట కాదండీ," అంది భార్య. "మొదటి రోజు మీరు నాలుగుసార్లు నొక్కినా లైటు ఆరలేదు. రిమోటుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. అప్పుడు మీ ముఖం ఎలా అయిపోయిందో మీకు తెలియదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అలాంటి ముఖం నేను చూడలేదు. అది చూడలేక నొక్కేశాను. లైటు ఆరింది, మీరు కుదుటపడ్డారు. రెండోరోజు కూడా అలాగే నొక్కాను. ఆ తర్వాత మీరు చెయ్యెత్తితే చాలు, నా వేలు దానంతటదే వెళ్ళిపోయేది. నొక్కానని కూడా తెలిసేది కాదు."

"నేనే ఆపుతున్నాననుకున్నాను," అన్నారు మాస్టారు. ఆయన గొంతులో కోపం లేదు, వింత ఉంది. "ప్రతిసారీ. నేను నొక్కానూ, అది ఆగింది. నా వేలికే ఆగిందనుకున్నాను."

"నాకూ అలాగే ఉండేది నాన్నా," అంది కూతురు. "గీత వచ్చేది. నేను పెడలు మీద కాలు ఇలా ఆనించేదాన్ని. బండి ఆగిపోయేది. బ్రేకంటే అంతే కాబోలు అనుకున్నాను."

బావమరిది కొవ్వొత్తి ముక్కలు మళ్ళీ రిమోటులో పెట్టి, మూత వేసి, చప్పుడు చెయ్యకుండా బల్ల మీద పెట్టాడు.

మాస్టారు తన కాలు వైపు చూసుకున్నారు. పరాయివాళ్ళ పిల్లలు తోలుతుంటే బుద్ధిగా మడుచుకుని సీటెక్కి కూర్చునే కాలు, సొంత పిల్ల తోలేసరికి ఆయనకు చెప్పకుండా దిగిపోయింది. ఎదురుగా సైకిలు కనిపించినా దిగింది, కుక్క కనిపించినా దిగింది, ఖాళీ రోడ్డు మీద కూడా దిగి ఉంటుంది. ఆ పిల్లకి ఏదైనా అవుతుందేమోనని ఆయనకు భయం. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా పైకి అనని మాట అది.

"నాకు భయమమ్మా," అన్నారు. "అందుకే దిగిందేమో."

"తెలుసు," అంది కూతురు. "కానీ సోమవారం ఆ కారులో నీ కాలు ఉండదు."

ఆదివారం పొద్దున్నే అందరూ మూతపడ్డ మిల్లు వెనక ఖాళీ స్థలానికి వెళ్ళారు. బావమరిది నేల మీద సున్నంతో గీత గీశాడు. గీతకి అవతల డ్రమ్ము బదులు మూడు దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చారు. పక్క సీట్లో ఎవరు కూర్చోవాలన్న దాని మీద చిన్న పంచాయితీ జరిగింది. మాస్టారు కూర్చుంటే కాలు ఆగదు. భార్యకి కారులో ముందు కూర్చుంటే తల తిరుగుతుంది. చివరికి అత్తగారు కూర్చుంది. ఆవిడ కాళ్ళు పెడళ్ళకి అందవు. ఆ సీటుకి అంతకంటే మంచి మాస్టారు దొరకరని అందరూ ఒప్పుకున్నారు.

అసలు మాస్టారు వెనక సీట్లో కూర్చున్నారు. చేతికి ఏదో ఒకటి ఉంటే బాగుంటుందని కొవ్వొత్తుల రిమోటు తెచ్చుకున్నారు. దాని వల్ల ఏమీ జరగదని ఆయనకూ తెలుసు. అయినా తెచ్చుకున్నారు.

మొదటిసారి కూతురు ఎప్పటిలాగే పెడలు మీద కాలు ఆనించింది. బండి ఎవర్నీ పట్టించుకోకుండా గీత దాటి, దిండ్లు దాటి, ఇంకో ఇరవై అడుగులు పోయి ఇంజను ఆగి నిలబడింది.

"ఆగలేదు," అంది ఆ పిల్ల, పరీక్షలో అన్నట్టే.

"నువ్వు ఆపలేదు," అన్నారు మాస్టారు. ఆ మాట చెప్పడానికి ఆయన చాలా కష్టపడ్డారు. "ఇంకా గట్టిగా తొక్కాలి తల్లీ. నువ్వు ఇంతవరకూ బ్రేకు తొక్కనే లేదు."

రెండోసారి ఆ పిల్ల ఎంత గట్టిగా తొక్కిందంటే, గీతకి పది గజాల ఇవతలే బండి కుదేసినట్టు ఆగింది. అత్తగారి కళ్ళజోడు ఎగిరి అద్దం దగ్గర పడింది. చేతి సంచిలోంచి టార్చి దొర్లుకుంటూ ముందుకొచ్చి వెలిగింది. మూడోసారి గీత మీద ఆగింది గానీ, గుర్రం ఎక్కినట్టు ముగ్గురూ ఎగిరారు. పదోసారికి ఎగరడం తగ్గింది. ప్రతిసారీ గీత దగ్గర పడగానే మాస్టారు చెయ్యి చాపి ఎర్ర మీట నొక్కేవారు, కాలు కూడా తన పని తాను చేసేది.

"అల్లుడుగారూ," అంది అత్తగారు వెనక్కి తిరక్కుండా. "నా వీపు."

సీటు వెనకభాగం మీద ఆయన బూటు ముద్ర స్పష్టంగా పడి ఉంది. మాస్టారు క్షమాపణ చెప్పుకుని కాలు తీశారు. మళ్ళీ గీత రాగానే మళ్ళీ పెట్టారు. ముప్ఫయ్యోసారికి బండి మెత్తగా వచ్చి, గీతకి జానెడు ఇవతల, అందరికీ తెలిసేలా నిలబడింది. అత్తగారు వీపు రుద్దుకుంటూ, "ఈసారి బాగా ఆపింది," అంది. ఎవరు ఆపారో ఆవిడ చెప్పనక్కర్లేకపోయింది.

సోమవారం పరీక్ష మైదానం చుట్టూ ఉన్న ఇనుప కంచె దగ్గర కుటుంబమంతా నిలబడింది. లోపల ఆఫీసు కారులో కూతురు, పక్కన ఒళ్ళో అట్టతో ఇన్‌స్పెక్టరు. గేర్లు బాగా పడ్డాయి. మలుపు బాగా తిరిగింది. వెనక్కి తోలడం ఎప్పటిలాగే వెన్న. ఇక ఎదురుగా పొడుగాటి రోడ్డు, దాని చివర తెల్లటి గీత, గీత వెనక రెండుసార్లు సొట్టలు పడ్డ డ్రమ్ము.

కారు కదిలింది. మాస్టారి కాలు కూడా కదిలింది.

"అల్లుడుగారూ. నా కాలు," అంది పక్కనే ఉన్న అత్తగారు.

మాస్టారు కిందికి చూశారు. ఆయన బూటు ఆవిడ చెప్పు మీద నిండుగా ఉంది. తీశారు. తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నేల మీద పెడితే అది ఊరుకోదని ఇప్పుడు ఆయనకు బాగా తెలుసు. అందుకని ఆ కాలుని మడిచి, మడమ దగ్గర చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కంచె పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడ్డారు. చుట్టూ ఉన్న వాళ్ళు చూశారు. ఇంకో డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఒకాయన, రోజూ పోటీ పడే మనిషి, నోరు తెరుచుకుని చూశాడు. చూడనీ అనుకున్నారు మాస్టారు. జేబులో రిమోటు ఉంది, దాని జోలికి పోలేదు. అసలు పోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గీత దగ్గరికొస్తోంది. మాస్టారు కాలుని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు. ఎనిమిది పాఠాలు ఎగ్గొట్టిన మాస్టారు కనీసం ఈ ఒక్కటైనా పూర్తిగా చూడాలి.

కారు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆగింది.

ఇన్‌స్పెక్టరు దిగి, వంగి, గీతకీ చక్రానికీ మధ్య వేళ్ళు పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్ళు ఇవతల. కాగితం మీద ఒకటే మాట రాశాడు: ఆగింది.

కాగితం పట్టుకుని అతను కంచె దగ్గరికి వచ్చేసరికి మాస్టారు ఇంకా ఒంటికాలి మీదే ఉన్నారు, దించడం మర్చిపోయారు. భార్య కళ్ళు తుడుచుకుంటోంది. అత్తగారికి మాత్రం ఇంత మంచి సమయం మళ్ళీ దొరకదనిపించింది.

"బాబూ, మీరు రేడియోలో ఆరున్నర నాటకం వింటారా?"

మాట తక్కువ మనిషి ముఖం ఒక్కసారిగా వికసించింది. "ఒక్క భాగం కూడా వదల్లేదమ్మా."

"మరి హంతకుడెవరు నాయనా?"

"గడియారాల షాపు ఆయన. నాకు మొదటి నుంచీ అతని మీదే అనుమానం."

"నేను డాక్టరనుకున్నాను," అంది అత్తగారు, గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టు నిట్టూర్చి. తర్వాత సంచిలోంచి టార్చి తీసి, వెనక మూత తిప్పి, రెండు బ్యాటరీలూ అల్లుడి చేతిలో పెట్టింది. "తీసుకోండి. మీవి మీకు ఇచ్చేస్తున్నాను."

మాస్టారు కాలు దించి, ఆ రెండిటినీ అరచేతిలో కాసేపు చూసుకున్నారు. మళ్ళీ టార్చిలో వేసి మూత బిగించి ఇచ్చారు. "ఉంచండి అత్తయ్యా. బాగా వెలుగుతోందన్నారుగా."

ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూలు కారు కూతురే తోలింది. అత్తగారు, భార్య వెనక కూర్చున్నారు. మాస్టారు అలవాటు కొద్దీ పక్క సీటు తలుపు తీశారు. కూర్చున్నాక ఆయన ముందు గుండైపోయిన పెడలు కనిపించింది. ఆయన బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని మఠం వేసుకున్నారు.

నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఎర్ర లైటు పడింది. ముందు ఒక బస్సు, బస్సు పక్కన సైకిలు మీద ఒక ముసలాయన. కారు మెత్తగా నెమ్మదించి, బస్సు వెనక చక్కగా నిలబడింది.

మాస్టారు రెండు అరికాళ్ళూ చేతుల్తో పైకెత్తి చూపించారు.

"నేను కాదు," అన్నారు.

"తెలుసు నాన్నా," అంది కూతురు, బ్రేకు మీద కాలు అలాగే గట్టిగా ఉంచి.